మంగళ, శుక్రవారాల సర్వర్

‘నాకు తెలియదు’ అని ఒక్క ముక్క రాసి కింద సంతకం పెడితే చాలట. నిన్న సాయంత్రం జాహిద్ ఫోన్లో ఆ మాటే మూడుసార్లు చెప్పాడు. మూడోసారి గొంతు కూడా కాస్త పెంచాడు, ముప్పై నాలుగేళ్ల కుర్ర మేనేజరు, యాభై ఆరేళ్ల మునికుమార్ మీద. "మీరేమీ ఆలోచన పెట్టుకోవద్దు సార్. తెలీదనండి, లేసి వచ్చేయండి. అబద్ధం కాదు కదా, మీకు తెలీదు కదా." అవును కదా, అబద్ధం కాదు కదా అనుకుంటూనే మునికుమార్ పడుకున్నాడు, అనుకుంటూనే లేచాడు, అనుకుంటూనే ఇప్పుడు మదనపల్లె బస్టాండులో ఎనిమిదింపావు పుంగనూరు బస్సెక్కి డ్రైవరు వెనక రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాక చూసుకుంటే ఒక మూలకి ఒదిగి కూర్చుని ఉన్నాడు, పక్కన రాణి కూర్చోవాలన్నట్టు. రాణి పోయి పద్నాలుగు నెలలైంది, ఒళ్లు ఇంకా ఆ లెక్కలోనే ఉంది. పోనీలే, ఆ చోటు వృథా పోలేదు, టమోటా నారు ట్రే ఎత్తుకుని ఒక నడివయసు ఆవిడ వచ్చి, తన కోసమే ఖాళీ ఉంచినట్టున్న సీటు చూసి తల ఊపి కూర్చుంది. లేత నారు వాసన. బస్సు కదిలింది. తొమ్మిదింపావుకి పుంగనూరు, తొమ్మిదిన్నరకి విచారణ. హెడ్డాఫీసు నుంచి హేమంత్ అనే అతను వచ్చి జాహిద్ గదిలో కూర్చుంటాడట, ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తాడట. మధ్యలో ఉన్నది ఈ గంట.

ఈ గంట అతనికి కొత్తది కాదు. పద్నాలుగేళ్లుగా రోజూ పోతూ ఒకటి, వస్తూ ఒకటి. నగలు పెట్టుకుని అప్పులిచ్చే కంపెనీ వాళ్లది, పుంగనూరు బ్రాంచి చిన్నది. స్ట్రాంగ్‌రూముకి రెండు తాళాలు. ఒక తాళంచెవి మేనేజరు దగ్గర, రెండోది మునికుమార్ దగ్గర. రెండూ ఒక్క నిమిషం కూడా ఒకే చేతిలో ఉండకూడదు, ఇద్దరూ వచ్చి నిలబడి తిప్పితే తప్ప ఆ తలుపు తెరుచుకోకూడదు. మేనేజర్లు మారారు, జాహిద్ ఆరోవాడు, మునికుమార్ తాళంచెవి మాత్రం మారలేదు. దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు, స్నానానికి పోయినా అంతే. "నా మెళ్లో మూడు ముళ్లు ఏసినావు గానీ, ఒళ్లో కట్టుకోనుండేది దాన్ని గదా" అని రాణి ఎత్తిపొడిచేది. అంగన్‌వాడీలో పనిచేసినావిడ, ఇరవై మంది పిల్లల మధ్య గొంతు పెంచడం అలవాటైన మనిషి, ఏ మాటన్నా పక్క వీధికి వినపడేలా అనేది. మూత్రపిండాలు పాడయ్యాక ఆ గొంతు తగ్గింది గానీ ఎత్తిపొడుపు తగ్గలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్ అన్నారు. మంగళవారం, శుక్రవారం, పొద్దున ఆరింటి నుంచి పది దాకా. ఆ నాలుగు గంటలూ పక్కన ఒక మనిషి ఉండాలి. పిల్లలు లేరు. సెలవులు మొదటి రెండు నెలలకే అయిపోయాయి. వారానికి రెండు రోజులు ఆలస్యంగా వస్తానని అర్జీ పెడితే ఏరియా ఆఫీసు నుంచి ఒక వాక్యం వచ్చింది: బ్రాంచి తెరిచే సమయంలో సడలింపు వీలుపడదు. ఆ వాక్యం రాసినవాళ్లని అతను తప్పుపట్టలేదు, ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చుని రాస్తారు. తప్పు పట్టడానికి ఓపిక కూడా లేదప్పుడు.

వలసపల్లె దగ్గర బస్సు ఆగితే స్కూలు పిల్లలు ఎక్కారు, బ్యాగులు ముందు, పిల్లలు వెనక. అప్పట్లో ఇదే దారిలో పదిన్నర బస్సు. పదింటికి సూదులు తీసి, ఆ చోట దూది అదిమి పట్టుకుని, రాణిని ఆటోలో ఇంటికి చేర్చి, మంచం మీద పడుకోబెట్టి, నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి గిన్నెలో నాలుగు మంచు ముక్కలు పెట్టి, పరుగు. బస్సులో కూర్చున్నా అతనికి పరిగెడుతున్నట్టే ఉండేది. తొమ్మిదిన్నరకి తెరవాల్సిన స్ట్రాంగ్‌రూము తనవల్ల మూతబడి ఉంటుంది, నగలు విడిపించుకోవడానికి వచ్చినవాళ్లు గొడవపడుతూ ఉంటారు, ఏరియా మేనేజరుకి తెలిసిపోయి ఉంటుంది, ఈ రోజుతో సరి. అలా అనుకుంటూ పదకొండున్నరకి వగరుస్తూ మెట్లెక్కితే, కౌంటరు వెనక నుంచి రేష్మ నవ్వుతూ చెప్పేది. "మీ అదృష్టం సార్. సర్వరు ఇప్పుడే వచ్చె. పొద్దున్నించి లేదు." సర్వరు లేకపోతే కంప్యూటర్లు పనిచేయవు, కంప్యూటరు ఒప్పుకోకుండా ఒక్క నగల పొట్లం కూడా బయటికి తీయకూడదు, వేలిముద్ర మిషను కూడా పనిచేయదు కాబట్టి హాజరు పుస్తకంలో చేత్తో సంతకం. కాబట్టి అతను ఆలస్యంగా వచ్చినట్టే కాదు. ఆలస్యమైంది సర్వరు. మొదటిసారి దేవుడి దయ అనుకున్నాడు. రెండోసారీ అనుకున్నాడు. నెల తిరిగేసరికి అలవాటుగా అనుకున్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి రాణికి చెప్పేవాడు, ఈ రోజు కూడా సర్వర్ లేదు, చూడు ఆ పైవాడు ఎలా కనిపెట్టుకుని ఉన్నాడో అని. రాణి మంచు ముక్క బుగ్గన పెట్టుకుని కాసేపు అతన్నే చూసి, "దేవునికి పుంగనూర్లో బ్రాంచి ఉండాదంటావా?" అని నవ్వేది. ఆ నవ్వు రోగిష్టి నవ్వులా ఉండేది కాదు. అంత నవ్వడానికి ఏముందని అతనికి అప్పుడు తోచలేదు.

ఏముందో పోయిన గురువారం రేష్మ చెప్పింది. విచారణ నోటీసు వచ్చిన రోజు, అందరూ భోజనాల గదిలో క్యారియర్లు విప్పకుండా కూర్చున్నప్పుడు, గోడ వైపు చూస్తూ చెప్పింది. సర్వరు ఒక్కరోజు కూడా పోలేదు. తొమ్మిదిన్నరకి స్విచ్ వేయగానే పిల్లిపిల్లలా వచ్చి కూర్చునేది. మంగళవారం, శుక్రవారం అది లేదని చెప్పిందంతా తాము. హెడ్డాఫీసుకి ఫిర్యాదు రాసేది జాహిద్, వచ్చినవాళ్లకి చెప్పేది రేష్మ, కుర్చీలు వేసి టీ పోసేది సెక్యూరిటీ లక్ష్మయ్య. ఎప్పుడు ‘వచ్చిందని’ చెప్పాలో తెలియాలి కదా, దానికి రేష్మ రోజూ రాణికి ఫోన్ చేసేదట. "అమ్మా, సార్ బయల్దేరినాడా?" అంటే రాణి, "ఇప్పుడే చెప్పులేసుకుంటాండాడు, ఇంకో గంటంబావు పట్టుకోండి" అనేదట. చెప్పులు వేసుకుంటున్న తన వెనక, మంచం మీద, దుప్పటిలో ఫోను పెట్టుకుని. మునికుమార్ ఆ పూట అన్నం తినలేదు. కోపం వచ్చిందో, సిగ్గేసిందో, రాణి ఇంకా పక్కగదిలో ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు అనిపించి సంతోషమేసిందో అతనికి తెలియలేదు. మూడూ ఒకేసారి వస్తే మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక క్యారియరు మూత తీసి మళ్లీ పెట్టాడు.

పక్కావిడ ట్రే జారకుండా మోకాళ్లు దగ్గరికి చేర్చుకుంది. నారు ఒక్కో మొక్కా వేలెడంత, బస్సు కుదుపుకి అన్నీ కలిసి ఒకే వైపుకి వంగుతున్నాయి, మళ్లీ నిలబడుతున్నాయి. యాడికమ్మా అనడిగితే సోమల దగ్గరంట, పుంగనూరులో దిగి ఇంకో బస్సు పట్టాలంట. వాన పడుతుందో లేదో, పెట్టి చూస్తామంది. బయటికి చూశాడు. చింతచెట్లు, బండలు, మళ్లీ చింతచెట్లు. అసలు ఆ జాహిద్ ఎందుకు ఇంత తలమీద వేసుకోవాలి. తాళంచెవి ముందురోజు సాయంత్రం ఇచ్చిపొమ్మంటే ఇచ్చేసేవాడే, పని సులువుగా అయిపోయేది. ఆ మాట గురువారం అడిగితే జాహిద్ నిజంగా నొచ్చుకున్నాడు. "తాళంచెవి విషయంలో తప్పు చేస్తామా సార్? ఊర్లో ఆడోళ్ల నగలు లోపలుండేది. మిషన్ మీద అబద్ధం చెప్పొచ్చు, దానికేం పోతాది." అలాంటి మనిషి. పొద్దున తొమ్మిదీ ఇరవైకి ఏరియా ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది, స్పీకరు పెట్టి అందరికీ వినిపించాలని ఆర్డరు. ఆ ఫోన్లో టార్గెట్లు, తిట్లు, మీకు జీతాలెందుకు, పక్క బ్రాంచిని చూసి నేర్చుకోండి. జాహిద్ స్పీకరు పెడతాడు, పెట్టి శబ్దం తగ్గిస్తాడు, తగ్గించి చెవి దగ్గర పట్టుకుంటాడు. తిట్లన్నీ తనే వింటాడు. అయ్యాక అందరి వైపూ తిరిగి, "మంచిగా చేస్తాండామంట, ఇంకొంచెం చేయాలంట" అంటాడు. తర్వాత గుండె మీద చెయ్యి పెట్టుకుని కంపెనీ ప్రతిజ్ఞ. ప్రతి కస్టమరూ నా కుటుంబమే అని. లక్ష్మయ్య కళ్లు మూసుకుని, దేవళంలో నిలబడ్డట్టు, అందరికంటే ఒక మాట వెనకగా చెప్తాడు. ఏడాదికోసారి హెడ్డాఫీసు ఒక ఫారం పంపుతుంది, ఉద్యోగుల అనుభవం అని. ఈ సంస్థలో కుటుంబంలో ఉన్నట్టు భావిస్తున్నారా, ఒకటి నుంచి అయిదు వరకు మార్కులు వేయండి. మునికుమార్ ప్రతి ఏడాదీ మూడు వేస్తాడు. సంస్థ అంటే ఎవరో అతనికి తేలేది కాదు. ఫోన్లో అరిచేవాడా, ఆ శబ్దం తగ్గించేవాడా.

సర్వరు లేదని జాహిద్ పంపిన అరవై ఒక్క ఫిర్యాదులనీ హెడ్డాఫీసులో ఎవరూ అనుమానించలేదు, నమ్మారు. నమ్మి, ఇంటర్నెట్ లైను ఇచ్చే కంపెనీకి జరిమానా వేశారు. లైను కంపెనీవాళ్లు ఒక మనిషిని పంపితే అతను స్తంభం నుంచి వైరంతా మార్చి, ఇంకోసారి వచ్చి డబ్బా మార్చి, మూడోసారి వచ్చినప్పుడు మంగళవారం పదకొండింటికి ఖాళీ కుర్చీలో కూర్చుని, వరసగా టీ తాగుతున్న జనాన్ని చూసి, "అక్కా, వైరుకేం కాలేదు కదా" అని రేష్మని మెల్లగా అడిగాడట. రేష్మ అతనికీ ఒక టీ ఇచ్చిందట. అతను తాగి, ‘కనెక్షన్ వదులుగా ఉంది, బిగించాము’ అని రాసి వెళ్లిపోయాడు. కానీ అతని పైవాళ్లకి జరిమానా ఊరికే పోదు కదా, ఏడాది తర్వాత లెక్కలన్నీ తీసి చూపించారు, ఆ అరవై ఒక్క పొద్దుల్లోనూ లైను నిక్షేపంగా ఉంది, అన్నీ మంగళవారాలూ శుక్రవారాలూ. అక్కడ డొంక కదిలింది. ఇక్కడ ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకోకుండా మూడు ఉత్తరాలు పంపారు. జాహిద్ రాశాడు, ఇది నా ఆజ్ఞ, తక్కినవాళ్లు నేను చెప్పినట్టు చేశారు. రేష్మ రాసింది, మేనేజరుకి తెలియకుండా నేనే సర్వర్ లేదని చెప్పాను, ఆయన నమ్మాడు. లక్ష్మయ్య, సంతకం వరకే వచ్చినవాడు, ఎవరి చేతనో రాయించాడు, ఊడ్చేటప్పుడు నా కాలు తగిలి వైరు ఊడింది, తప్పు నాది. అరవై ఒక్కసార్లూనా అని ఎవరడిగినా అవునని చెప్పేలా ఉన్నాడు.

కానీ ముగ్గురిలో పోయేది జాహిద్‌కే. కుప్పం బ్రాంచికి మేనేజరుగా అతనికి ఆర్డరు వచ్చి ఉంది, విచారణ తేలేదాకా ఆపారు. కుప్పం అతని ఊరు. మూడేళ్లుగా పుంగనూరులో ఒక గది తీసుకుని, శనివారం రాత్రి పలమనేరు మీదుగా కుప్పం చేరి, సోమవారం చీకటితో బయల్దేరి వస్తాడు. భార్య హుమాకి ఇప్పుడు ఏడో నెల. మొదటిసారి కడుపు నిలవకుండా పోయింది, ఆ కబురు వచ్చినప్పుడు జాహిద్ స్ట్రాంగ్‌రూములో పొట్లాలు సరిచూస్తున్నాడు, సగంలో వదిలిపెట్టడానికి లేదు, చివరి పొట్లం దాకా చూసి, తాళం వేసి, అప్పుడు గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. పక్కన ఉన్నది మునికుమారే. ఇద్దరూ ఆ గది బయట నేల మీద కూర్చున్నారు. తర్వాత నెలకే రాణికి డయాలసిస్ మొదలైంది. కుప్పం గురించి అడిగితే జాహిద్ మొహం మారిపోతుంది. "మా ఊర్లో రైలు కూత వినపడితే టైం తెలుస్తాది సార్. ఇంట్లో ఒక భాష, బజార్లో రెండు భాషలు, పోట్లాటకి మూడూ." ఈసారి హుమా పక్కన ఉండాలి, అంతే, అతనికి ఇంకేమీ అక్కర్లేదు. తప్పు ఒక్కడిదే అని తేలితే ఆర్డరూ పోతుంది, మేనేజరు కుర్చీ కూడా పోతుంది. అందరికీ తెలుసది. తెలిసే నిన్న ఫోన్ చేసి, మీరు తెలీదనండి సార్ అన్నాడు.

నిజమే కదా, తెలియదు కదా. కండక్టరు చిల్లర ఇచ్చి ముందుకి పోయాడు. రూపాయి తక్కువిచ్చాడు, మునికుమార్ చెయ్యి చూడకుండానే పట్టేసింది. ఊరుకున్నాడు. ఊరుకుని, అక్కడ ఆగిపోయాడు. చేతిలో నాణేలు చూడకుండా తెలిసే మనిషి. పొట్లం చేత్తో పట్టుకుంటే అరగ్రాము తేడా చెప్పే మనిషి, తూకం కాటా తప్పని రెండుసార్లు నిరూపించిన మనిషి. అరవై ఒక్కసార్లు, మంగళవారం, శుక్రవారం, మంగళవారం, శుక్రవారం. సోమవారం ఒక్కసారైనా పోయిందా ఆ సర్వరు? గురువారం? తను రోజంతా ఉండే మిగతా నాలుగు రోజుల్లో ఒక్క పూట? ఇది తట్టలేదా నీకు, మునికుమార్? రాణి జబ్బులో పడి కొట్టుకుంటున్నాను, ఏదీ పట్టే స్థితిలో లేను. అవును. ఆ మాటా నిజమే. ఎవరైనా నమ్ముతారు. రోడ్డు పక్క లారీలోకి టమోటా బాక్సులు ఎక్కిస్తున్నారు, ఒకడు కింద నుంచి విసిరితే పైవాడు చూడకుండానే పట్టుకుంటున్నాడు, విసిరేవాడి వైపు కాకుండా ఇంకెటో చూస్తూ, నవ్వుతూ. చూడకుండా పట్టుకోవడం. ఒక శుక్రవారం ఉంది. దాని దగ్గరికి పోవద్దు. ఒక శుక్రవారం ఆసుపత్రిలో నీళ్ల ప్లాంటు పాడైంది, మిషన్లు నడవవు, సాయంత్రం రమ్మన్నారు. ఆ శుక్రవారం.

ఇదే ఎనిమిదింపావు బస్సు. రాణిని ఇంట్లో దింపితే నిద్రలేమికి అప్పుడే కళ్లు మూతలు పడ్డాయి, పో, ఒక్కరోజన్నా టయానికి పో అని గొణిగింది. సంతోషంగా వచ్చాడు. తొమ్మిదీ ఇరవైకి బ్రాంచికి ఎదురుగా, రోడ్డుకి ఇవతల నిలబడ్డాడు, ఒక ట్రాక్టరు పోతే దాటుదామని. ట్రాక్టరు పోయింది. అవతల షట్టరు సగమే ఎత్తి ఉంది. లోపల ఇంకా దీపాలు కూడా వేయలేదు, ఒక్క కంప్యూటరూ వెలగలేదు. మెట్ల మీద లక్ష్మయ్య, ఇస్త్రీ యూనిఫాంలో, చేతులు కట్టుకుని, దండోరా వేసినట్టు చెప్తున్నాడు. "సర్వరు లేదప్పా, సర్వరు లేదమ్మా. పదకొండున్నరకి వస్తాది. లోపలికొచ్చి కూర్సోండి, టీ ఉండాది." అద్దంలోంచి రేష్మ కనిపించింది, ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేస్తోంది, ఫ్లాస్కు మూత బిగిస్తోంది, బిస్కెట్ పొట్లం విప్పి పళ్లెంలో పేరుస్తోంది, రోజూ చేసే పనిలా, తొందరేమీ లేకుండా. జాహిద్ ఫోను చెవికి పెట్టుకుని తిట్లు తింటూ, రెండో చేత్తో ఒక ముసలాయనకి కుర్చీ జరుపుతున్నాడు. మునికుమార్ రోడ్డు దాటలేదు. ఎంతసేపు నిలబడ్డాడో. తర్వాత వెనక్కి తిరిగి బస్టాండు పక్కన టీ అంగట్లో, గోడ వైపుకి మొహం పెట్టి కూర్చున్నాడు. తను ఇప్పుడు లోపలికి పోతే వాళ్లు ఆపేయాలి. ఆపేస్తే వచ్చే మంగళవారం ఏం చేయాలి? తెలిస్తే వద్దనాలి. వద్దంటే రాణి ఆ మంచం మీద, ఆ గొట్టాల మధ్య, ఒక్కతే. కాబట్టి తెలియలేదు. అంత సులువుగా. ఒక టీ తాగాడు, ఇంకోటి తాగాడు.

రెండో టీ మధ్యలో చెంగమ్మ వచ్చింది. బైరెడ్డిపల్లె దగ్గరి మనిషి, కూలికి పోయి ముగ్గురు పిల్లల్ని జీతాల మీదికి తెచ్చిన ముసలమ్మ, బ్రాంచిలో అందరికీ తెలుసు. రేష్మని, "అదేందమ్మే, మీ సర్వరుకి మంగళారం శుక్రారమే జొరమొస్తాది?" అని దెప్పేది. ఆ పొద్దు మనవరాలికి చెవులు కుట్టిస్తున్నారు, కమ్మలు విడిపించుకోవడానికి వచ్చి, బన్ను కొనుక్కుందామని అంగటికి వచ్చింది. వచ్చి గోడ వైపుకి తిరిగి కూర్చున్న మనిషిని చూసింది. గోడ మీది గడియారం చూసింది, పది కావస్తోంది. మళ్లీ అతన్ని చూసింది. మునికుమార్‌కి గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నీ బస్సు ఇంకా రాలేదా సారూ?" అంది చెంగమ్మ.

"రాలేదమ్మా" అన్నాడు.

"రానీ, రానీ. తొందరేముండాది. చెవులు కుట్టేది సాయంత్రమే." బన్ను కొంగులో చుట్టుకుని పోయి ఆ కుర్చీల వరసలో కూర్చుంది. ఇంకో గంటన్నర కూర్చుంది. పదకొండున్నరకి అతను మెట్లెక్కాడు, మామూలుగా వగరుస్తూ. ఆ రోజు ఆ వగర్పు కూడా తెచ్చిపెట్టుకున్నదే. మీ అదృష్టం సార్ అంది రేష్మ. దేవుడి దయమ్మా అన్నాడు. చెంగమ్మ కమ్మలు చేతికి ఇచ్చేటప్పుడు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఆ సాయంత్రం ఆసుపత్రిలో పక్కన కూర్చున్నా రాణికి సర్వరు సంగతి చెప్పలేదు, రాణీ అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ శుక్రవారాన్ని బయటికి తీయలేదు, నిజంగానే మరిచిపోయాడు, మరిచిపోవడం కూడా ఒక పనిలా శ్రద్ధగా చేశాడు.

"సారూ, పుంగనూరు" అంది నారు ట్రే ఆవిడ. "దిగల్లేదా?" బస్సు సగం ఖాళీ అయి ఉంది. ఆమె ట్రే ఒక చివర పట్టుకుని దింపడానికి సాయం చేశాడు. మామూలుగానే బ్రాంచి వైపు నడిచాడు.

హేమంత్ మునికుమార్ అనుకున్నట్టు లేడు. ఇరవై ఎనిమిది, ముప్పై ఉంటాయి, జలుబు చేసి ముక్కు ఎర్రబడి, రేష్మ ఇచ్చిన మిరియాల పాలు తాగుతూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. "కూర్చోండి సార్. మీది రెండు నిమిషాల పని. మీకు తెలియదని ముగ్గురూ రాశారు. మీరూ అదే రాసిస్తే మీ పేరు ఇందులోంచి తీసేస్తాను." కాగితం, పెన్ను ముందుకి జరిపాడు. అద్దానికి అవతల జాహిద్ నిలబడి ఉన్నాడు, ఏదో ఫైలు చూస్తున్నట్టు, కళ్లు మాత్రం ఇటే. రాయండి, రాసేయండి అన్నట్టు గడ్డం కొంచెం కిందికి ఊపాడు. మునికుమార్ రాశాడు. మొదటి వాక్యం ‘నాకు తెలుసు’ అని. తర్వాత ఆ శుక్రవారం, ఎదురు రోడ్డు, సగం షట్టరు, టీ అంగడి, చెంగమ్మ కమ్మలు. లైను కంపెనీ తప్పేమీ లేదని, వాళ్ల జరిమానా వాళ్లకి తిరిగి ఇచ్చేయాలని కూడా రాశాడు. ఒకటిన్నర పేజీ వచ్చింది. ఇది జాహిద్‌కి మేలు చేస్తుందో, ఇంకా ముంచుతుందో అతనికి తెలియదు. తెలియనిది అది ఒక్కటే కాబట్టి దాని గురించి ఏమీ రాయలేదు.

హేమంత్ రెండుసార్లు చదివాడు. ముక్కు తుడుచుకున్నాడు. "మీ బ్రాంచిలో ఒక్కరైనా తప్పు నాది కాదని రాస్తారేమోనని వచ్చాను సార్" అన్నాడు. "సెక్యూరిటీ ఆయన అరవై ఒక్కసార్లు వైరు తన్నాడట. సరే. ఇది ఇస్తే మీ ఇంక్రిమెంటు పోతుంది. హెచ్చరిక కాగితం ఫైల్లోకి ఎక్కుతుంది. ఇంకో రెండేళ్లలో రిటైరవుతారు, ఆలోచించుకోండి."

"జాహిద్‌కి?"

"తాళాలు ఇద్దరి దగ్గరున్నప్పుడు ఇద్దరికీ తెలిసి జరిగింది ఇద్దరి తప్పే. చెరిసగం. ఆయనకీ ఇంక్రిమెంటు పోతుంది, హెచ్చరికా ఉంటుంది. సగం తప్పుకి ట్రాన్స్‌ఫర్ ఆపే నియమం లేదు." కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. "కుప్పం పోవచ్చు."

బయటికి వస్తే ముగ్గురూ చుట్టుముట్టారు. చెప్పాడు. కుప్పం మాట ముందు చెప్పాడు, రాసిన మాట తర్వాత. రేష్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత, "తెలుసా?" అంది. "మీకు తెలుసా సార్? నేను ఎన్ని కతలు చెప్పినాను, ఎంత మందికి చెప్పినాను, అవన్నిటికీ ఆ పైవాడికి నేను జవాబు చెప్పుకోవాల. మీ మొహంలోకి సూసి రోజూ నవ్వేదానికి నాకు ఎంత కష్టమయ్యేదో. మీరు తెలిసి గమ్మునుంటిరా?" లక్ష్మయ్య టోపీ తీసి, తల గోక్కుని, మళ్లీ పెట్టుకున్నాడు. "నేను బొంకింది సారుకి అప్పుడే తెలిసిపోయిండాదంట" అని, కుర్చీలో ఎదురుచూస్తున్న ఎవరితోనో చెప్పుకున్నాడు. జాహిద్, కుప్పం ఖాయమైన మనిషి, హుమాకి ఫోన్ చేయాల్సిన మనిషి, ఫోను చేతిలో పట్టుకుని మునికుమార్‌ని కోపంగా చూస్తూ నిలబడ్డాడు. నిజమైన కోపమే. కళ్లు నిండాయి.

"తెలిసుంటే యాల సార్ అట్ల ఉరుక్కుంటా వచ్చేది?" అన్నాడు. "ఇంకో అరగంట అమ్మ దగ్గర కూర్చోని రావచ్చు కదా. మేము సూసుకోనుంటాము."

మునికుమార్ మనసులో లెక్క వేశాడు. ఆ శుక్రవారం నుంచి లెక్కేసినా ఎన్ని అరగంటలు, రాణి పక్కన. మెట్ల మీదే కూర్చుండిపోయాడు, జాహిద్ కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.